అక్క పలకని పేరు

మా శిక్షణ కేంద్రంలో అందరికంటే ఓర్పు గలవాడు మామ. మామ అంటే మనిషి కాదు, నిలువెత్తు రబ్బరు బొమ్మ. ఎక్కడో పెద్ద కాలేజీలో వాడి వాడి పక్కన పడేస్తే మా మేడ్చల్‌కు చేరాడు. ఒక మోకాలు వంగదు, మెడ ఒక పక్కకే తిరుగుతుంది. అయినా రోజూ క్లాసులో ఉన్న ఆడపిల్లలందరూ వంతులవారీగా ఆయనకు ఒళ్ళు తుడిచి, పళ్ళు తోమి, బోర్లా తిప్పి, మళ్ళీ వెల్లకిలా పడుకోబెడుతుంటే ఒక్కనాడూ కసురుకోలేదు. ఆ తర్వాత ఇన్నేళ్ళలో నేను చూసిన పేషెంట్లలో అంత మంచివాడు ఇంకొకడు తగల్లేదు.

అది 2011. నేను ఇంటర్ రెండోసారి కూడా తప్పి, దేవరయాంజాల్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉండేదాన్ని. నాయిన పొద్దున లేస్తే నన్ను చూడటం, నిట్టూర్చడం. ఒకరోజు ఎవరో పంచిన కాగితం పట్టుకొచ్చి నా ఒళ్ళో పడేశాడు. ఆసుపత్రుల్లో రోగుల దగ్గర ఉండి చూసుకునే పనికి మూడు నెలల శిక్షణ, ఫీజు లేదు, పాసైతే మేడ్చల్‌లోనే ఒక నర్సింగ్ హోంలో ఉద్యోగం. "నర్సమ్మ కొలువు, పో" అన్నాడు నాయిన. నర్సు వేరు, ఇది వేరు అని నేను చెప్పబోతే, "ఏదో ఒకటి, సూది పట్టుకునే పనే గదా" అన్నాడు. సూది మా చేతికి ఎవరూ ఇవ్వరని ఆయనకు చివరిదాకా చెప్పలేదు. ఊళ్ళో అప్పటికే నర్సు నాయిన అయిపోయాడు, ఆ మురిపెం చెడగొట్టడం ఎందుకు?

మా కేంద్రం హైవే పక్కన, పైపులు కొళాయిలు అమ్మే దుకాణం మీద ఒక హాలు. కిటికీ తీస్తే దుమ్ము, మూస్తే ఉక్క. బీపీ చూడటం నేర్చుకునే రోజుల్లో స్టెతస్కోపు చెవుల్లో పెట్టుకుంటే గుండె చప్పుడు కంటే ముందు లారీ హారన్లు వినిపించేవి. ఒకమ్మాయి వాటినే లెక్కపెట్టి నాడి రాసిందని మేము చాలా రోజులు ఏడిపించాం.

మాకు నేర్పే మేడం మిలటరీ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. యాప్రాల్‌లో ఉండేది. ఇస్త్రీ చేసిన నేత చీర, పొట్టి జుట్టు, పాత స్కూటరు. మనిషిది కోస్తా వైపు మాట. దుప్పటి మీద ముడత కనిపిస్తే కూరలో వెంట్రుక కనిపించినట్టు చూసేది. మంచం సర్దడం, మంచంలో మనిషి ఉండగానే దుప్పటి మార్చడం, పుండు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టడం, చేతులు కడుక్కోవడం, మళ్ళీ కడుక్కోవడం. ఇన్ని నేర్పినా ఆమె పట్టు మాత్రం ఒక్కదాని మీదే.

"పేరు అడగాలి. పేరు పిలవాలి. చేతికున్న పట్టీ మీద అదే పేరు ఉందో లేదో చూడాలి. ఆ తర్వాతే మంచినీళ్ళయినా ఇవ్వాలి" అనేది.

మాకేమో పెద్దవాళ్ళను పేరు అడగడమంటే నాలుక తిరిగేది కాదు. నెరిసిన తల కనబడితే తాత, అవ్వ. కాస్త తక్కువగా నెరిస్తే పెద్దనాయిన, పెద్దమ్మ. ఊళ్ళో పుట్టిన దగ్గర్నుంచీ అంతే. చివరికి బొమ్మను కూడా మామ చేసి కూర్చోబెట్టిన మందకు పేర్లెక్కడ నోట్లోంచి వస్తాయి? మేడం విసుక్కుని, "మందుసీసాకు చుట్టరికాలు తెలియవమ్మాయ్! తాతకిచ్చే మందు ఇంకో తాతకిస్తే ఆ తాత పోతాడు!" అని అరిచేది. మేము నవ్వు ఆపుకునేవాళ్ళం.

మా అందరిలో పెద్దది అక్క. మేమంతా ఇరవైకి అటూ ఇటూ ఉంటే ఆమెకు ముప్పై ఐదు దాటాయి. శామీర్‌పేట అవతల పల్లె. ఇద్దరు పిల్లలు. ఆమె పెనిమిటి అంతకుముందు గాజులరామారంలో గది తీసుకుని ఉండి జీడిమెట్ల వైపు ఏదో కంపెనీలో పనిచేసేవాడట. అక్కడ బరువు మీద పడి కాలు నుజ్జయింది. కాలు ఎట్లాగో నిలిచింది కానీ చీము పట్టి, జ్వరం ఒళ్ళంతా పాకి, చావు దాకా వెళ్ళి వచ్చాడు. ఇల్లు ఎత్తేసి ఊరికి వచ్చేశారు. అప్పటినుంచి అక్క ద్రాక్షతోటల్లో కూలికి పోయి నలుగురినీ సాకుతోంది. తోట పని ఏడాదంతా ఉండదు. ఈ ఉద్యోగం వస్తే ఆ ఇంటికి నెల నెలా తిండి, ఆయన కాలికి కట్టు. రాకపోతే ఏమిటన్నది ఆమె ఎప్పుడూ మాట్లాడేది కాదు.

పనిలో అక్క ముందు మేమెవరం ఆగేవాళ్ళం కాదు. మామకు ఒళ్ళు తుడిచే పాఠం చెప్పిన రోజు మేము మూతికి చున్నీలు అడ్డం పెట్టుకుని కిసకిసలాడుతుంటే, ఆమె గబగబా తన తువ్వాలు తీసి బొమ్మ నడుము మీద కప్పి, "నవ్వుతరేందే, పాపం సలి పెడ్తలేదా?" అని మమ్మల్ని కసిరింది. ఆ రోజే నేను ఆమె పక్క సీటు సంపాదించుకున్నాను. మధ్యాహ్నం ఆమె డబ్బాలోని చింతకాయ తొక్కు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

రెండో నెలలో మమ్మల్ని ఆ నర్సింగ్ హోంకు వార్డు నేర్చుకోవడానికి పంపారు. అక్కను, నన్ను మగవాళ్ళ వార్డులో వేశారు. ఒకరోజు పొద్దున అక్కడి సిస్టర్ ఉప్మా గిన్నె అక్క చేతిలో పెట్టి, "ఫలానా ఆయనకు తినిపించు" అని పేరు చెప్పి వెళ్ళిపోయింది. అక్కడ పక్కపక్క మంచాల మీద ఇద్దరు ముసలివాళ్ళున్నారు. ఒకాయన ఉప్మా తినాల్సినవాడు. రెండో ఆయనకు మధ్యాహ్నం వరిబీజం ఆపరేషన్, పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు.

అక్క రెండు మంచాల మధ్య నిలబడింది. "తాతా, ఉప్మా తింటవా?" అంది.

రాత్రి నుంచి కడుపు మాడ్చుకున్న మనిషి ఊరుకుంటాడా? "తింటా బిడ్డా" అన్నాడు ఆపరేషన్ తాత. అసలు తాత గురక పెడుతున్నాడు. నేను వార్డు ఆ చివర నుంచి వచ్చేసరికి గిన్నె ఖాళీ. అక్క ఆయన గడ్డం తుడుస్తోంది.

సిస్టర్ చూసింది, డాక్టర్‌కు తెలిసింది, ఆపరేషన్ మర్నాటికి వాయిదా పడింది. డాక్టర్ కేకలకు వార్డు దద్దరిల్లింది. ఆపరేషన్ తాత ఒక్కడే అక్క వైపు. "ఆమెనేమంటరు సారూ? కొసరి కొసరి పెట్టింది. నా కోడలు గూడ గట్ల పెట్టలే" అన్నాడు. అది విని డాక్టర్ ఇంకా మండిపడ్డాడు.

సాయంత్రం మేడం అక్కను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అరవలేదు, అదే మాకు ఎక్కువ భయం. "మత్తు ఇచ్చాక మనిషికి వాంతి అయితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మనిషి అక్కడే పోతాడు. సిస్టర్ చూడకపోతే ఏమయ్యేదో తెలుసా?" అంది. "నీకు పేరు చెప్పారు కదా. పేరు పెట్టి ఎందుకు పిలవలేదు?"

మేడం మళ్ళీ అడిగింది. నేనే ఉండబట్టలేక, "మేడం, ఆ తాత పేరూ అక్క వాళ్ళాయన పేరూ ఒకటే" అన్నాను.

పెనిమిటి పేరు పలికితే ఆయనకు ఆయుష్షు తగ్గుతుందని మా వైపు ఆడవాళ్ళ నమ్మకం. మా అమ్మ ఓటు కార్డు రాయడానికి వచ్చినవాళ్ళకు నాయిన పేరు నా చేత చెప్పించింది. క్లాసులో ఉన్న ముస్లిం అమ్మాయి కూడా, "మా అమ్మీ గూడ అబ్బాజాన్ పేరు ఎత్తదు. 'అజీ, సునో' అంటది, గంతే" అంది. అక్క పద్ధతీ అదే. పెళ్ళిలో ఆడపడుచులు బలవంతం చేస్తే గొణిగిందట, అంతే. ఆ తర్వాత ఆయన "పిల్లల నాయిన", ఎదురుగా ఉంటే "ఇగో". ఆ పేరేమో మామూలు పేరు కాదు. మేడ్చల్ బస్టాండులో నిలబడి పిలిస్తే పది మంది తిరిగి చూస్తారు, అందులో ఇద్దరు కండక్టర్లు. ఇక్కడ ఆ పేరు నేనూ రాయను. ఆమె అంతగా దాచుకున్న మాటను నేను బజారున పెట్టడం న్యాయం కాదు.

మేడం నవ్వలేదు. కాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. "నాకు అర్థమైంది. నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ ఆ పేరున్నవాళ్ళు రేపు వార్డు నిండా వస్తారు. పిలవలేని మనిషిని వాళ్ళ దగ్గరకు నేను పంపలేను. పరీక్ష రోజు నీకు ఆ పేరున్న పేషెంటునే ఇస్తాను. పిలిస్తే పాస్. లేకపోతే లేదు" అంది.

ఇక మా క్లాసంతా అదే పని. మామ ఛాతీ మీద ఆ పేరు రాసిన కాగితం అంటించాం. అక్క ఎదురుగా నిలబడేది. పెదవులు మొదటి అక్షరం దాకా వచ్చేవి, అక్కడే ఆగిపోయేవి. "దేవుడి పేరే గదా అక్కా, గుళ్ళో అనవా?" అంటే, "గుడికాడ గూడ స్వామీ అనే అంట" అంది. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. దేవుణ్ణి కూడా పేరు పెట్టి పిలవకుండా ఇన్నేళ్ళు మొక్కిన మనిషి! నేనైతే ఒకరోజు కోపం పట్టలేక, "నౌకరి కావాల్నా వద్దా నీకు?" అని అరిచేశాను. అక్క చల్లగా, "కావాలె" అంది. అంతే.

పరీక్ష ముందు ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన చేతే చెప్పిస్తే ఈ పట్టు వదులుతుందేమోనని నా ఎత్తు. రేకుల ఇల్లు, ముందు రెండు బంతి మొక్కలు. ఆయన మంచం మీద కాలు చాపుకుని చిన్నదానికి లెక్కలు చెప్తున్నాడు. నవ్వుముఖం మనిషి, కాలి కట్టు మాత్రం చూడటానికి భయంగా ఉంది. నేను సంగతంతా చెప్పాను. ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏమే, గింత దానికా పరేషాన్? పిలువు. ఇప్పుడే పిలువు. సస్తనా బతుకుతనా సూద్దాం, చెల్లె గూడ సాక్ష్యం ఉన్నది."

అక్క చేతిలో ఉన్న గంటె ఆయన మీదికి విసిరినంత పని చేసి లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకాలే వెళ్ళాను. పొయ్యి దగ్గర కూర్చుని కొంగుతో కళ్ళొత్తుకుంటోంది.

"నీకు తెల్వదు చెల్లె" అంది. "గా పెద్ద దవాఖానల ఈయనను లోపల ఏసిండ్రు. మూడు దినాలు సోయి లేదు. డాక్టర్ వచ్చి కష్టమమ్మా అన్నడు. మందులిచ్చే కిటికీ కాడ పేరేందమ్మా, పేరేందమ్మా అని కసురుకుంట అడుగుతున్నరు. నేను చెప్పలే. చీటీ సూపిన. ఎనకున్నోళ్ళు తిట్టిండ్రు, పిచ్చిదా అన్నరు. నేను నోరు తెరవలే. బతికిండు." పొయ్యిలో పుల్ల ఎగదోసి, "ఇప్పుడు పిలువుమంటే నాకు ఎట్ల నోరొస్తది?" అంది.

సూక్ష్మక్రిములు, చీము, మందులు, అన్నీ మేడం చెప్పింది, అన్నీ నాకు తెలుసు. కానీ ఈ మనిషి తన నోరు కట్టుకుని మొగుణ్ణి బతికించుకున్నానని నమ్ముతోంది. అది మూఢనమ్మకమని నేనెట్లా అంటాను? నాకు ఆమె మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. పక్కన కూర్చుని ఉల్లిగడ్డలు తరిగి పెట్టాను.

వచ్చేటప్పుడు ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. ఈసారి నవ్వడం లేదు. "మీ అక్క రాత్రి పిల్లను బడి మాన్పిద్దామన్నది చెల్లె. గా నౌకరి రావాలె. జర సూడు" అన్నాడు.

పరీక్ష రోజు మేడం మాట నిలబెట్టుకుంది. అదే వార్డు, అదే పేరున్న ఇంకొక ముసలాయన. పని ఏమిటంటే మంచంలోనే ఒళ్ళు తుడిచి దుప్పటి మార్చడం. మేమంతా గోడవారన నిలబడ్డాం. అక్క గోరువెచ్చని నీళ్ళ బేసిన్, తువ్వాళ్ళు తెచ్చి పెట్టుకుంది. చేతులు కడుక్కుంది. మంచం పక్కకు వచ్చి, "మీ పేరు చెప్పుండ్రి" అని అడిగింది. అమ్మయ్య, ఆయన చెప్తే ఈమె అవునంటే సరిపోతుంది కదా అని నా ప్రాణం లేచి వచ్చింది.

ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఆఁ?" అన్నాడు. మనిషికి చెవుడు.

మళ్ళీ అడిగింది. మళ్ళీ "ఆఁ?" అక్క చేతి పట్టీ చూసింది, మేడం వైపు చూసింది. మేడం కదల్లేదు, కానీ ఆమె పట్టుకున్న అట్ట మీద పెన్ను ఆగిపోయింది. ఆమె కూడా లోపల మొక్కుకుంటోందని నాకు అప్పుడు అనిపించింది.

అక్క కళ్ళు మూసుకుంది. పేరు అంది. మాకే వినపడలేదు, ఆయనకేం వినపడుతుంది? "గట్టిగ చెప్పు బిడ్డా" అన్నాడు. అక్క వంగి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, మొత్తం పేరు, ఇంటిపేరుతో సహా, వార్డంతా తిరిగి చూసేట్టు పిలిచింది.

"నేనే! నేనే! గట్ల ఒర్రుతవేంది?" అన్నాడాయన సంబరంగా.

ఆ తర్వాత ఆమె చేసిన పని చూసి తీరాలి. ఎక్కడ తుడుస్తోందో అక్కడ మాత్రమే దుప్పటి తొలగించి, తడి ఆరగానే కప్పి, ఒక్క చుక్క నీళ్ళు మంచం మీద పడకుండా, మధ్యమధ్య ఆయనతో చెవిలో మాట్లాడుతూ చేసింది. ఆయన సగంలోనే నిద్రపోయాడు. దుప్పటి మీద మేడం వెతికినా ముడత దొరకలేదు. "పాస్" అంది మేడం. అట్ట మీద అదే మాట రెండుసార్లు రాసింది. పాడు, నేనేమో గట్టిగానే ఏడ్చేశాను.

అక్క ఆ మాట విన్నదో లేదో. వరండాలోకి వచ్చి తడి చేతులతోనే నా ఫోన్ లాక్కుంది. ఇంటికి చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మళ్ళీ అంతే. "ఎత్తుతలేడు" అంది. మూడోసారి ఎత్తకపోయేసరికి మెట్లు దిగి పరుగు పెట్టింది. నేను చెప్పులు చేతిలో పట్టుకుని వెనకాల.

శామీర్‌పేట పోయే ఆటోలో ఎక్కాం. ఆమె ఒంటి మీద ప్లాస్టిక్ ఏప్రన్ అట్లాగే ఉంది. జనం వింతగా చూస్తున్నారు. "నిద్రపోతుంటడు అక్కా" అన్నాను. వినలేదు. పెదవులు కదులుతున్నాయి, ఎవరికి మొక్కుతోందో. నిజం చెప్పాలంటే దారి సాగేకొద్దీ నాకూ భయం పట్టుకుంది. మొన్నటి కాలి కట్టు కళ్ళముందు తిరిగింది. చదివిందంతా మర్చిపోయి, మేం పిలవమని పీడించకుండా ఉండాల్సింది అనుకున్నాను.

తలుపు మూసి ఉంది. లోపల గడియ. పిల్లలు బడికి పోయారు. అక్క తలుపు బాదింది. "ఇగో!" అంది. "ఇగో, ఇనబడ్తలేదా!" జవాబు లేదు. లోపల ఎక్కడా అలికిడి లేదు. ఇంకోసారి బాదింది. నేను చుట్టూ తిరిగి చూద్దామనుకునేలోపు, అక్క రెండు చేతులూ తలుపుకు ఆనించి, పొద్దున చెవిటాయన చెవిలో పిలిచినట్టే, గొంతు పగిలేట్టు ఆయన్ని పేరు పెట్టి పిలిచింది.

"ఆఁ! వస్తున్న!" అని పెరట్లోంచి ఆయన గొంతు.

కర్ర చప్పుడు నెమ్మదిగా ఇంట్లోకి వచ్చింది. గడియ తీశాడు. తల మీదినుంచి నీళ్ళు కారుతున్నాయి, భుజాన తువ్వాలు. వెనక స్నానం చేస్తున్నాడట, ఫోన్ మోగింది తెలియనే లేదట. అక్క కిందికి జారి గడప మీద కూర్చుంది. ఏడ్వడానికి కూడా ఊపిరి లేదు.

ఆయన ఆమెను చూడటం లేదు, తలుపు అవతల వీధిలోకి చూస్తున్నాడు. "ఎవరు పిలిచిండ్రు?" అన్నాడు. నేను అక్కను చూపించాను.

ఆయన కర్ర మీద ఆనుకున్నాడు. నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. "మా అమ్మ పోయినంక గీ ఇంట్ల నన్ను పేరుతోటి పిలిచినోళ్ళు లేరు" అన్నాడు. తర్వాత, మెల్లగా, "ఇంకోసారి పిలువు" అన్నాడు.

అక్క ముక్కు తుడుచుకుని నా వైపు చూసింది. "నువ్వు గటు తిరుగు చెల్లె" అంది.

తిరిగాను. పిలిచింది.